నలభై ఐదు నిమిషాల పీరియడ్

"ఎలా ఉన్నారు టీచరు గారూ?" అని డాక్టరు గారు అడిగినప్పుడల్లా "బాగానే ఉన్నానండీ" అని చెప్పడం నాకు అలవాటైపోయింది. 2023 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నాలుగుసార్లు ఆ గదిలో ఆయన ఎదుట కూర్చున్నాను, నాలుగుసార్లూ అదే మాట చెప్పాను. ఆ రోజుల్లో నేను రోజుకు పన్నెండు నుంచి పదిహేను సార్లు బాత్‌రూముకు వెళ్తున్నాను, రాత్రిపూట రెండు మూడు సార్లు లేస్తున్నాను, వీధి చివర కూరల బండి దాకా వెళ్లాలన్నా బయలుదేరే ముందు పదిసార్లు ఆలోచిస్తున్నాను. రక్తపరీక్ష బాగుంది, స్కాన్ బాగుంది, కుట్లు మానాయి కాబట్టి నేను బాగున్నట్టేనని ఆయన అనుకున్నారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు, ఇక ఈ విషయం కూడా చెప్పుకోవాలా అని నేను అనుకున్నాను. పెద్దపేగు చివరి భాగానికి క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో చాలామంది నాలాగే ఊరుకుంటున్నారని తరువాత తెలిసింది కాబట్టి, నా సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2021 వర్షాకాలంలో మలంలో రక్తం కనిపించినప్పుడు నాకు 48 ఏళ్లు నిండాయి. ఇంట్లో అందరూ వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకుని తిన్నాను, కారం మానేశాను. తగ్గకపోతే ఒక క్లినిక్‌కు వెళ్లాను, అక్కడ నన్ను పడుకోబెట్టి చూడకుండానే మొలలని చెప్పి ఆయింట్‌మెంటు రాశారు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి 2022 ఫిబ్రవరిలో వేరొక డాక్టరమ్మ చేతికి గ్లవుజు తొడుక్కుని వేలితో పరీక్ష చేసి, ఆ మరునాడే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోమన్నారు. గడ్డ మలద్వారానికి 6 సెంటీమీటర్ల పైన, అంటే వేలికి అందేంత దూరంలోనే ఉంది. ఆ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. మలంలో రక్తం పడుతూ, విరేచనం అయ్యే తీరు కూడా మారితే, మొలలే అనుకుని మందు రాయించుకునే ముందు ఆ రెండు నిమిషాల పరీక్షను మీరే అడిగి చేయించుకోండి. మన దేశంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ స్క్రీనింగ్ ఉంది గానీ పేగు క్యాన్సర్‌కు అలాంటి కార్యక్రమం లేదు కాబట్టి, మనంతట మనమే అడగవలసి ఉంటుంది.

చికిత్స సంగతి త్వరగా చెప్పేస్తాను. వారానికి అయిదు రోజుల చొప్పున 28 సార్లు రేడియేషన్, దానితో పాటు కీమో మాత్రలు, తరువాత కొన్ని వారాల విరామం, జూన్ చివర్లో ఆపరేషన్. పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలో గడ్డ ఉన్న చోటును చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కుచెదరకుండా తీసి, పై పేగును కిందికి లాగి మలద్వారానికి దగ్గరలో కలిపారు. ఇలా పొరతో సహా తీయాలని 1982లో బిల్ హీల్డ్ అనే ఇంగ్లండు సర్జను రాసిన తరువాత, ఈ క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం బాగా తగ్గిందట. మా నాన్నగారి తరంలో అయితే ఇంత కింద ఉన్న గడ్డకు జీవితాంతం పొట్టమీద బ్యాగు తప్పేది కాదు. నాకు మాత్రం కింద కలిపిన అతుకు మానేవరకు మలం అటువైపు పోకుండా, చిన్నపేగును పొట్టమీదికి తెచ్చి తాత్కాలికంగా బ్యాగు పెట్టారు. దాన్ని ఇలియోస్టమీ అంటారు. అది నాకు ఏడు నెలలు ఉంది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజున స్టోమా సిస్టర్ (పొట్టమీదికి తెచ్చిన పేగు మూతిని స్టోమా అంటారు) వచ్చి పొట్టమీద కట్టు తొలగించినప్పుడు, నోటి లోపలి చర్మంలా తడిగా, ఎర్రగా, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా బయటికి పొడుచుకుని వచ్చిన నా పేగును చూడలేక తల పక్కకు తిప్పుకున్నాను. మావారు తిప్పుకోలేదు. ముప్ఫై ఏళ్లు స్టీల్‌ప్లాంటు మెషీన్ షాపులో పనిచేసిన మనిషి ఆయన, ఏ వస్తువును చూసినా ఆయనకు ముందు దాని కొలత మీదికే దృష్టి పోతుంది. సిస్టర్ చూపించిన రంధ్రాల అట్టను స్టోమా మీద ఆనించి, ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి 34 అని రాసుకున్నారు. వాపు తగ్గేకొద్దీ స్టోమా చిన్నదవుతుందని, బ్యాగును చర్మానికి అంటించే ప్లేటులో రంధ్రం ఎప్పుడూ స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలని, అంతకన్నా వదులైతే చిన్నపేగు లోని జీర్ణరసాలు చర్మాన్ని కాల్చేస్తాయని సిస్టర్ చెప్పిన మాటను ఆయన అక్షరాలా పాటించారు. రెండు వారాలకు 31, ఆగస్టుకు 27. వంపు కత్తెరతో ప్లేటును కత్తిరించి, అంచు గరుకుగా ఉండకుండా బొటనవేలితో చుట్టూ మెల్లగా నిమిరి, రెండు అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరిచి, అప్పుడు అంటించేవారు. అంటించాక ఒక నిమిషం పాటు అరచేతిని తీయకుండా పొట్టమీద అలాగే ఉంచేవారు. ఆ నిమిషంలో మేమిద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు.

విశాఖ ఉక్కపోతలో బ్యాగుతో బతకడం ఎలా ఉంటుందో పొడి గాలి ఊళ్లవాళ్లకు తెలియదు. నాలుగు రోజులు ఉండవలసిన ప్లేటు చెమటకు రెండో రోజుకే అంచు లేచిపోయేది. తెల్లవారుజామున, ఏమీ తినకముందే మార్చుకుంటే పేగు నుంచి పెద్దగా ఏమీ రాదు కాబట్టి పని తేలిక అని, బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేసుకోవాలని, బరువుకు ప్లేటు లాగకుండా చూసుకోవాలని అనుభవం మీద నేర్చుకున్నాను. ఒక్కొక్క ప్లేటు ఖరీదు వందల్లో ఉంటుంది కాబట్టి, తడి తగిలి ఒకటి పాడైన రోజున మనసు చివుక్కుమనేది.

ఆ రోజుల్లో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా బాధపెట్టిన ప్రశ్న వైద్యానికి సంబంధించినది కాదు. దేవుడి గదిలోకి వెళ్లవచ్చా, దీపం పెట్టవచ్చా అన్నది. ఒంటికి మలం అంటుకునే ఉన్న మనిషిని, మడి ఎక్కడిది? నెల రోజులు గడప బయటే నిలబడి దండం పెట్టుకున్నాను. మా అత్తయ్య గారికి 81 ఏళ్లు, ఆచారం బాగా పట్టింపు ఉన్న మనిషి. ఒకరోజు నన్ను ఆ గడప దగ్గర చూసి, "చంటిపిల్లల తల్లికి మడేమిటమ్మా? వాళ్లు ఒళ్లోనే పోసినా మనం దీపం పెట్టుకోలేదూ? నీ పొట్ట ఇప్పుడు చంటిపిల్ల. లోపలికి వెళ్లి దీపం పెట్టు" అన్నారు. ఆ రోజు నుంచి ఆ సంగతి మా ఇంట్లో మళ్లీ రాలేదు.

సెప్టెంబరులో జరిగిన ఒక పొరపాటు గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను మళ్లీ ఆసుపత్రికి పంపింది. అప్పటికి ఆపరేషన్ తరువాతి కీమో మొదలైంది, బ్యాగులోకి రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లలా వస్తోంది. ఇంత నీరు పోతోందని భయపడి నేను చెంబుల కొద్దీ మంచినీళ్లు, రోజుకు రెండు మూడు కొబ్బరిబోండాలు తాగాను. ఎంత తాగితే అంత ఎక్కువగా వచ్చింది. పిక్కలు పట్టేశాయి, లేచి నిలబడితే కళ్లు తిరిగాయి, మూత్రం ముదురు పసుపు రంగులో చాలా తక్కువగా వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులు సెలైన్ ఎక్కించిన తరువాత, ఒక చిన్న వయసు డాక్టరు మంచం పక్కన కుర్చీ వేసుకుని అసలు సంగతి చెప్పారు. ఉప్పు లేని నీరు చిన్నపేగులోకి చేరినప్పుడు ఒంట్లోని ఉప్పును తనతో పాటు లాక్కుని బయటికి పోతుందట. పెద్దపేగు పనిలో ఉంటే ఆ ఉప్పును, నీటిని తిరిగి పీల్చుకునేది, ఇప్పుడు దారిలో అది లేదు. కాబట్టి ఉత్త నీళ్లు తగ్గించి, లీటరు నీటిలో లీటరు ప్యాకెట్టు సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్ తాగాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, అవి ఈ లోటు తీర్చవు. చిన్న గ్లాసుకు సరిపడే ప్యాకెట్లు కూడా దుకాణాల్లో దొరుకుతాయి, వాటిని లీటరులో కలిపితే ఉపయోగం లేదు. ఇంటికి పంపేటప్పుడు నాకు ఇచ్చిన కాగితంలో గాయానికి కట్టు గురించి, మాత్రల గురించి ఉంది గానీ ఈ మాట ఒక్క వాక్యం కూడా లేదు. బ్యాగుతో ఇంటికి వెళ్లే ప్రతి మనిషి చేతిలోనూ ఈ ఒక్క వాక్యం ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో చోడి (రాగి) అంబలిలో ఉప్పు కాస్త ఎక్కువే పడింది, నాకు అది మందులాగే పనిచేసింది.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు చేతివేళ్లను, పాదాలను పట్టుకుంది. మొదట్లో చల్లని స్టీలు గ్లాసు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉండేది. మందు ఆపేశాక తగ్గుతుందనుకుంటే, తరువాతి రెండు మూడు నెలల్లో తిమ్మిరి ఇంకా పెరిగింది. ఆ మందుకు అది మామూలేనట. బడికి తిరిగి వెళ్లిన మొదటి వారంలో సుద్దముక్క నా వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. ఇరవై ఆరేళ్లుగా చూడకుండా గీసిన సున్నాను, చేతివైపు చూసుకుంటూ గీశాను. ఇప్పుడు చేతివేళ్లు దాదాపుగా తేరుకున్నాయి, అరికాళ్లలో మాత్రం ఇంకా ఇసుక మీద నడుస్తున్నట్టే ఉంటుంది.

2023 జనవరిలో బ్యాగు తీసేసి పేగును లోపలికి పంపారు. "ఇక అంతా మామూలే" అని అందరూ సంతోషించారు, మా పక్కింటి వదిన గారు పూర్ణం బూరెలు చేసి పంపారు. నాకు కష్టం మొదలైంది ఆ తరువాతే. పురీషనాళం 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుండే ఒక నిల్వ సంచి. అది సాగి నిలవ ఉంచుకుంటుంది, వచ్చింది గాలా మలమా అని పసిగడుతుంది, సమయం కాదంటే ఆగుతుంది. దాన్ని తీసేసి పెద్దపేగును నేరుగా కలపడమంటే, ఇంటి మీది నీళ్ల ట్యాంకును తీసేసి మోటారు పైపును తిన్నగా కుళాయికి బిగించడమే. పై నుంచి ఎప్పుడు తోస్తే అప్పుడే వస్తుంది. దానికి తోడు రేడియేషన్ వల్ల ఆ చుట్టుపక్కల కండరం బిరుసెక్కుతుంది, కొన్ని నరాలు మొద్దుబారతాయి. అందువల్ల పదే పదే వెళ్లవలసి రావడం, ఒకసారి వెళ్లి వచ్చాక గంటలోపే మళ్లీ మళ్లీ వెళ్లవలసి రావడం, వచ్చిందంటే ఒక్క నిమిషం కూడా ఆగలేకపోవడం, గాలి అనుకున్నది గాలి కాకపోవడం. వీటన్నింటికీ కలిపి లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్ అనే పేరు ఉందని, పొట్టిగా లార్స్ అంటారని నాకు అయిదు నెలల పాటు తెలియదు. నా ఒంటికి మాత్రమే ఏదో లోపం వచ్చిందనుకున్నాను.

జూన్‌లో బడులు తెరిచారు. మా బడిలో పీరియడ్ నలభై ఐదు నిమిషాలు. జీవితంలో ఎన్నడూ లెక్కపెట్టని ఆ నలభై ఐదు నిమిషాలు అప్పుడు నాకు కొండలా కనిపించాయి. ఉదయం నాలుగింటికే లేచి, ఏమీ తినకుండా, మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లతో ఉండి, పిల్లలకు రేఖాగణితం నిర్మాణాలు ఇచ్చి వాళ్లు వృత్తలేఖిని తీసి గీసుకుంటున్న సమయంలో బయటికి వెళ్లి వచ్చేదాన్ని. మూడో వారంలో ఒకరోజు తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద ఒక సిద్ధాంతం సగం రాసి ఉండగా వచ్చింది. తరగతి మొదటి అంతస్తులో, టీచర్ల బాత్‌రూము కింద. నేను మెట్ల దగ్గరికి కూడా చేరలేకపోయాను.

మా బడి ఆయా నన్ను చూసింది. ఒక్క మాట కూడా అడగలేదు. నా చేయి పట్టుకుని బాత్‌రూములోకి తీసుకువెళ్లి, బకెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టి, సాయంత్రం పెళ్లికి వెళ్లడానికి తన సంచిలో మడతపెట్టి తెచ్చుకున్న నీలం అంచు చీరను తలుపు మీదుగా అందించింది. నేను బయటికి వచ్చేవరకు వరండాలో ఎవ్వరినీ అటు రానివ్వలేదు. పై తరగతిలో మొదటి బల్ల మీది అమ్మాయి లేచి, నేను సగంలో వదిలిన సిద్ధాంతాన్ని పూర్తిచేసి అందరి చేతా రాయించిందని మరునాడు తెలిసింది. ఆ చీరను ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి తిరిగి ఇచ్చేటప్పుడు ఆయా, "పిల్లలు పుట్టాక నాకూ అయ్యేది మేడమ్, ఎవరికి చెప్పుకుంటాం" అంది. క్యాన్సర్ లేని ఆ మనిషి కూడా ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేదన్న మాట నన్ను కదిలించింది. మా ఇళ్లలో దగ్గు గురించి, షుగరు గురించి, మోకాళ్ల గురించి పెళ్లి పందిట్లో కూడా మాట్లాడుకుంటాం. మలం ఆగడం లేదన్న మాటను కట్టుకున్న మనిషికి కూడా చెప్పం.

ఆ వారాంతంలో చదవడం మొదలుపెట్టాను. 2012లో డెన్మార్క్ వైద్యులు ఈ ఇబ్బందిని కొలవడానికి అయిదు ప్రశ్నల పట్టిక తయారుచేశారని తెలిసింది. గాలిని ఆపుకోగలుగుతున్నారా, నీళ్లలాంటి మలం తెలియకుండా కారుతోందా, రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, గంటలోపే మళ్లీ వెళ్లవలసి వస్తోందా, పరుగెత్తవలసినంత తొందర వస్తోందా అని ఆ అయిదు ప్రశ్నలు. జవాబులకు మార్కులుంటాయి, మొత్తం 42. ఇరవై వరకు ఇబ్బంది లేనట్టు, 21 నుంచి 29 దాకా ఓ మాదిరి, 30, ఆ పైన వస్తే తీవ్రం. మార్కులు వేయడం నా వృత్తి. పాత ప్రశ్నపత్రం వెనుకవైపు ఆ అయిదు ప్రశ్నలను తెలుగులో రాసుకుని, నా జవాబులకు నేనే మార్కులు వేసుకున్నాను. 41 వచ్చింది. గాయం మానిన, స్కాన్ బాగున్న, "బాగానే ఉన్నానండీ" అని చెబుతున్న మనిషికి నలభై రెండుకు నలభై ఒకటి.

జులైలో డాక్టరు గారు మామూలుగా "ఎలా ఉన్నారు?" అని అడిగినప్పుడు నోరు పెగలక, ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "నేను అడగవలసింది అమ్మా, అడగలేదు" అన్నారు. నేను చెప్పవలసింది కూడా చెప్పలేదు. పది నిమిషాల్లో ముగిసే ఆ సంప్రదింపు ఆ రోజు నలభై నిమిషాలు సాగింది, బయట వరుసలో ఉన్నవాళ్లకు నేను మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

అక్కడి నుంచి ఒక్కొక్కటిగా దారి దొరికింది. ఇసబ్‌గోల్‌ను అందరూ మలబద్ధకానికి వాడతారు, చెంబుడు నీళ్లతో తాగుతారు. నాలాంటి వాళ్లు తక్కువ నీళ్లతో తీసుకుంటే అది నీటిని పీల్చుకుని మలాన్ని ఒక ముద్దగా చేస్తుంది, దానివల్ల పది దఫాలు నాలుగవుతాయి. లోపెరమైడ్ మాత్రను విరేచనాలు పట్టుకున్నాక వేసుకోవడం కాకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో తిండికి అరగంట ముందు, బయటికి వెళ్లే రోజున ముందుగానే వేసుకోవడం నేర్చుకున్నాను. కటి కండరాల వ్యాయామం కోసం ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. అప్పటిదాకా ఆ వ్యాయామం నాకు తెలుసనుకున్నాను, కానీ నేను బిగిస్తున్నది పొట్టను, పిరుదులను, బిగించవలసిన కండరాన్ని కానే కాదని ఆవిడ మొదటి రోజే చూపించారు. పది లెక్కపెట్టేదాకా బిగించి ఉంచడం నాకు మూడు నెలలకు గానీ చేతకాలేదు. వీటితో కుదరని వాళ్లకు గోరువెచ్చని నీటితో పేగును ఇంట్లోనే కడుక్కునే పద్ధతి ఉంది, వెన్ను కింది నరాలకు చిన్న పరికరంతో ప్రేరణ ఇచ్చే చికిత్స కూడా ఉంది. నాకు అంతదాకా అవసరం రాలేదు, అయినా అవి ఉన్నాయని తెలియడమే ఒక ధైర్యం.

తిండి విషయంలో ఎవరి ఒంటికి వారిదే లెక్క. ఒక పుస్తకంలో ఎడమవైపు తిన్నది, కుడివైపు జరిగినది రెండు నెలల పాటు రాసుకున్నాను. పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ, మెత్తగా ఉడికిన సొరకాయ నాకు మేలు చేశాయి. పాలు పోసిన కాఫీ, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, శనగపిండి తిన్న రోజు కుడివైపు పేజీ సరిపోయేది కాదు. పనసపొట్టు కూర లేకుండా మా ఇంట్లో శుభకార్యం జరగదు, దాన్ని రెండేళ్లు ముట్టుకోలేదు. ఈ సంవత్సరం మా మరిది కూతురి పెళ్లిలో రెండు చెంచాలు తిన్నాను, ఏమీ కాలేదు.

ఇంకొక విషయం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, రాయడానికే నిశ్చయించుకున్నాను. కటి భాగానికి రేడియేషన్ ఇచ్చినప్పుడు అండాశయాల పని ఆగిపోతుంది, యోని పొడిబారి బిగుసుకుపోతుంది, ఆపరేషన్‌లో అక్కడి నరాలకు దెబ్బ తగిలితే మూత్రం విషయంలోనూ దాంపత్యంలోనూ తేడాలు వస్తాయి. మగవాళ్లకు కూడా ఈ ఇబ్బందులు వస్తాయి. మగవాళ్లను డాక్టర్లు అప్పుడప్పుడైనా అడుగుతారు. నన్ను ఎవరూ అడగలేదు, యాభై ఏళ్ల ఆడమనిషికి అదొక సమస్య కాదనుకున్నారేమో. దీనికీ మందులున్నాయి, పూతలున్నాయి, సాధనాలున్నాయి. స్త్రీ వైద్యురాలి దగ్గర ఒక్కసారి నోరు తెరిస్తే సరిపోయే విషయానికి నేను, మావారు ఏడాది పాటు ఒకరికొకరు ముఖం చాటేసుకుని గడిపాం.

నడక మొదలుపెట్టింది 2023 చివర్లో. మా ఇంటి నుంచి బీచ్ రోడ్డు దగ్గరే. తెల్లవారుజామున అక్కడ వాహనాలను ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే. మొదటి నెల కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా వెళ్లి వెనక్కి రావడమే గొప్ప. దూరానికి భయపడి కాదు. దారిలో ఏ శౌచాలయం తాళం ఎన్నింటికి తీస్తారో తెలుసుకుని, దానికి సరిపడా అడుగులు వేసుకునేదాన్ని. మెల్లమెల్లగా ఆ దూరం పెరిగింది. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన గురించి మా డాక్టరు గారు చెప్పారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో క్రమమైన వ్యాయామం చేయించారు, మిగతా సగం మందికి ఆరోగ్య సూచనల పుస్తకం మాత్రం ఇచ్చారు. అయిదేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 80.3 శాతం, పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో 73.9 శాతం. వాళ్లు చేసింది పెద్ద కసరత్తు కాదు, చాలామందికి వారానికి మూడు నాలుగు సార్లు ముప్పావుగంట నుంచి గంట దాకా చురుకైన నడక. నాది పురీషనాళం క్యాన్సర్ కాబట్టి ఆ అంకెలు నాకు అచ్చంగా వర్తిస్తాయని అనుకోను. అయినా ఆ ముప్పావుగంట అన్న మాట వినగానే నా పీరియడ్ గుర్తుకు వచ్చింది.

ఈ జబ్బుకు ముందు పదకొండేళ్లు వరుసగా సింహాచలం గిరిప్రదక్షిణ చేశాను, 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. ఈ ఏడాది ఆషాఢ పౌర్ణమి ముందురోజు, లోపెరమైడ్ వేసుకుని, మావారు స్కూటరు మీద వెనుక వస్తుండగా, హనుమంతవాక దగ్గర జనంలో కలిశాను. అరికాళ్ల తిమ్మిరి వల్ల బూట్లు వేసుకున్నాను, స్వామి క్షమిస్తాడు. అప్పుఘర్ దాటి వెంకోజీపాలెం దాకా నడిచి ఆగిపోయాను. దారిలో మజ్జిగ పంచుతున్న పిల్లవాడు గ్లాసు చేతికిచ్చినప్పుడు మూడేళ్లలో మొదటిసారి బయట, దారి మధ్యలో, లెక్క చూసుకోకుండా తాగాను.

మా తమ్ముడి సంగతి కూడా చెప్పాలి. తోబుట్టువుకు ఈ క్యాన్సర్ వస్తే మిగిలినవాళ్లు 40 ఏళ్లకు గానీ, ఆ తోబుట్టువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. వాడికి అప్పటికే 46 ఏళ్లు. "నాకేం లేదక్కా, రాయిలా ఉన్నాను" అంటూ గాజువాక నుంచి ఏడాదిన్నర తప్పించుకున్నాడు. 2024 సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నా అయిదు ప్రశ్నల కాగితం చదవమని చేతికిచ్చాను. చదివి ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో పరీక్ష చేయించుకున్నాడు, పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న పిలకలు, పాలిప్స్ అంటారు, రెండు కనిపిస్తే అప్పటికప్పుడే తీసేశారు.

పోయిన నెలలో మళ్లీ ఆ పట్టిక వేసుకున్నాను, 26 వచ్చింది. ఈ ఇబ్బంది మొదటి ఏడాదిన్నర, రెండేళ్లలో తగ్గినంత తగ్గుతుంది, ఆ పైన కొంత ఉండిపోతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. అది ఉండిపోయింది. రోజుకు నాలుగైదు సార్లు వెళ్తాను. పెద్ద ప్రయాణమంటే రైలు చూసుకుంటాను గానీ బస్సు ఎక్కను. మా ప్రధానోపాధ్యాయురాలు నా తరగతులన్నీ కింది అంతస్తుకు మార్చారు, ఉదయం మొదటి పీరియడ్ ఖాళీగా ఉంచారు. అడిగితే ఇంత సులువుగా దొరికే వాటి కోసం మొదటి ఏడాది ఎందుకు అడగలేదా అనిపిస్తుంది.

మొన్న ఆదివారం విజయనగరం నుంచి ఒక ఆవిడ ఫోను చేశారు. తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు తీసుకున్నారట. వచ్చే వారం ఆవిడకు బ్యాగు తీసేస్తున్నారు, ఇంట్లో అందరూ ఇక అంతా మామూలే అంటున్నారట. ఆవిడ గొంతులోని సంతోషాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేదు, అబద్ధం చెప్పడం కూడా ఇష్టం లేదు. మొదటి నెలల్లో ఎలా ఉంటుందో, అది ఎందుకు వస్తుందో, దానికి ఏ పేరుందో చెప్పాను. ఆ అయిదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. చేతిసంచిలో ఏమేం పెట్టుకోవాలని అడిగారు. మార్చుకోవడానికి ఒక జత బట్టలు, రెండు ప్యాడ్లు, తడి గుడ్డలు, మూత గట్టిగా ఉండే ఒక కవరు, చర్మానికి జింకు ఆక్సైడు పూత, మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు అని చెప్పాను. "ఒక్క నిమిషం ఉండండి అక్కా, రాసుకుంటాను" అని, లోపల ఎవరినో పెన్ను తెమ్మన్నారు. "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని మగగొంతు అడగడం వినిపించింది. ఆవిడ ఒక క్షణం ఆగి, "మీరు కూడా ఇలా వచ్చి కూర్చోండి, వినండి" అని ఫోను స్పీకరులో పెట్టారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.